నీళ్లు తోడని బోరుతో బతుకుతెరువా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర. రెండు బోరుబండ్లు ఉన్నాయి. మా అబ్బాయి బీఎస్సీ జియాలజీ చివరి ఏడాదిలో ఉన్నాడు. బండ్లు చూసుకోరా అంటే, ఎమ్మెస్సీ చేసి ఫిజోమీటర్ బోర్ల పనిలోకి వెళ్తానంటున్నాడు. నీళ్లు తోడుకోవడానికి కాకుండా ఊరికే చూసుకోవడానికి బోరు వేయడమేంటి, దానికి అంత చదువేంటి? దీన్లో భవిష్యత్తు ఉందా?

జవాబు: ‘ఊరికే చూసుకోవడానికి’ అన్నారు చూశారా, ఆ చూడటానికే జీతం ఇస్తారండీ. మీ బండి పని నీళ్లు పడగానే అయిపోతుంది, కంప్రెసర్ ఆపి, రాడ్లు తీసి, డబ్బులు తీసుకుని ఇంకో ఊరికి వెళ్తారు. మీ అబ్బాయి చెప్పే పని అక్కడ మొదలవుతుంది. మండలాఫీసు వెనకో బడి ఆవరణలోనో తాళం వేసిన ఇనప పైపు మీరు చూసే ఉంటారు, అదే ఫిజోమీటర్, అంటే నీటిమట్టం కొలవడానికే వేసిన బోరు. పేపర్లో జిల్లాలో నీటిమట్టం ఇన్ని మీటర్లు పడిపోయిందని వస్తుందే, ఆ అంకె అలాంటి పైపుల్లోంచే వస్తుంది.

మన దగ్గర ఎక్కువగా గ్రానైటు, నీసు రాయి. పైన మట్టి, మొరం, కింద గట్టి రాయి, ఆ రాయిలో నీళ్లుండేది మీవాళ్లు ‘గ్యాప్ తగిలింది’ అంటారే, ఆ పగుళ్లలోనే. పక్కపక్కన వేసిన రెండు బోర్లలో ఒకదాంట్లో రెండించుల నీళ్లు, ఇంకోదాంట్లో దుమ్ము రావడానికి కారణం అదే (నీళ్లు చూసేవాళ్ల కొబ్బరికాయ అరచేతిలో నిలబడినా అంతే, పడిపోయినా అంతే). అందుకే రాతి ప్రాంతంలో ఒక బోరు చెప్పేది అర్థం చేసుకోవడానికి చదువు కావాలి. మొరంలో నీళ్లు వేరు, కింద పగుళ్లలో నీళ్లు వేరు కావచ్చు. రెండూ ఒకే బోరులో కలిస్తే వచ్చే మట్టం దేనిదో ఎవరూ చెప్పలేరు, కాబట్టి కొన్నిచోట్ల పక్కపక్కనే ఒకటి పైదానికి, ఒకటి లోతుదానికి విడిగా వేస్తారు.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కూడా కొన్నేళ్లు ఈ పనిలో తిరిగాను. ఒక ఫ్యాక్టరీ పక్కన వేసిన ఫిజోమీటర్‌లో వాన పడిన మర్నాడే మట్టం 3 మీటర్లు పైకి వచ్చింది. నీళ్లు బాగా ఇంకుతున్నాయని రిపోర్టులో సంతోషంగా రాసేశాం. రెండో వానకీ అలాగే వస్తే అనుమానమొచ్చి పైపు చుట్టూ రెండు బిందెల నీళ్లు పోశాను. చెవి ఆనించి వింటే లోపల గోడ వెంట నీళ్లు జారుతున్న చప్పుడు! కేసింగ్, అంటే పై మట్టి కూలకుండా బోరులో దించే పైపు, గట్టి రాయి మీద కూర్చోలేదు, 40 అడుగులకే మొరంలో ఆపేసి, చుట్టూ సిమెంటుగానీ నీళ్లు తగిలితే ఉబ్బే బెంటోనైటు మట్టిగానీ నింపకుండా బండివాళ్లు వెళ్లిపోయారు. ఏడాది రీడింగులు బుట్టదాఖలు. మిగిలిపోయిన కేసింగ్ డబ్బులు ఎవరి జేబులోకి పోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. దగ్గర నిలబడి ఆ రోజే పట్టుకోగలిగినవాడు ఒక్కడుంటే అంత నష్టం జరిగేది కాదు. మీ అబ్బాయి బండి పక్కన పెరిగాడు, రాయిని తొలిచే బిట్టు చప్పుడు మారితే రాయి మారిందని తెలిసినవాడు. ఎమ్మెస్సీ టాపర్లకు కూడా ఆ చెవి ఉండదు.

ఇక బోరు పరీక్ష. గాలి కొట్టి నీళ్లు తేటపడేదాకా కడిగాక, మోటారు దించి ఒకే వేగంతో తోడుతూ మట్టం ఎలా దిగుతోందో రాసుకోవాలి. మొదటి పది నిమిషాలు ఊపిరాడదు, అర నిమిషానికో నిమిషానికో ఒక రీడింగు, తర్వాత వ్యవధి పెరుగుతూ పోతుంది. మోటారు ఆపాక మట్టం తిరిగి ఎక్కేది కూడా అంతే ఓపికగా రాయాలి, చాలామంది అక్కడే టీకి వెళ్లిపోతారు. నీళ్లు తక్కువున్న బోరులో మోటారు పనికిరాదు, ఒక బరువైన కడ్డీని చటుక్కున నీళ్లలోకి దించి, ఉబికిన మట్టం మళ్లీ సర్దుకోవడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. మంచి పగులుంటే క్షణాల్లో అయిపోతుంది, బండరాయైతే మర్నాడు పొద్దున్నకి కూడా అవదు. మీ నల్గొండ వైపు ఫ్లోరైడ్ సంగతి మీకే బాగా తెలుసు, తాగేనీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాన్ని కొలవడానికి శాంపిల్ తీసేముందు పైపులో నిలవున్న పాత నీళ్లు తోడేయకపోతే ల్యాబు చెప్పే అంకెకి విలువే లేదు.

ఉద్యోగాల మాట. కేంద్ర భూగర్భ జల మండలిలో సైంటిస్ట్-బి పోస్టులకు యూపీఎస్సీ పెట్టే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి, దానికి పీజీ తప్పనిసరి, బీఎస్సీ సరిపోదు. మెయిన్స్‌లో రెండు జియాలజీ పేపర్లు, ఒకటి హైడ్రోజియాలజీ. రెండు రాష్ట్రాల్లోనూ భూగర్భ జల శాఖలున్నాయి కానీ నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో నమ్ముకుని కూర్చోవద్దు. ఎమ్మెస్సీకి ఉస్మానియా, ఆంధ్రా, ఎస్వీ యూనివర్సిటీలు ఉన్నాయి, ఐఐటీల కోసమైతే వాటి ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష జామ్‌లో జియాలజీ పేపరు రాయించండి. మన గ్రానైటు మీద పరిశోధన చూడాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు, హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి మహేశ్వరం దగ్గర, చౌటుప్పల్ దగ్గర ఏళ్ల తరబడి బోర్లు వేసి ఇదే పని చేశారు. ప్రైవేటు కన్సల్టెన్సీల్లో పని దొరుకుతుంది, డంపింగ్ యార్డుల చుట్టూ, గనుల దగ్గర, ఫ్యాక్టరీల్లో. అయితే మొదటి రెండు మూడేళ్లు జీతం చూసి మీకు కోపం రావచ్చు, మీ డ్రిల్లరే ఎక్కువ తీసుకుంటాడు. ఎండలో తిరుగుడు కూడా ఉంటుంది. అది భరించగలడో లేదో మీకంటే బాగా ఎవరికి తెలుసు?

బండ్లు అమ్మొద్దు, వాడిని ఇప్పుడే బండి ఎక్కించి చదువు ఆపించొద్దు. ఈ ఎండాకాలం సెలవుల్లో మాత్రం మీరు వేసే ప్రతి బోరు దగ్గరికీ ఒక నోటుబుక్కుతో పంపండి. కేసింగ్ ఎన్ని అడుగులు దిగింది, పొడి రంగు ఎక్కడ మారింది, గ్యాప్ ఎన్ని అడుగుల దగ్గర తగిలింది, ఎన్ని ఇంచులు పడ్డాయి, మర్నాడు పొద్దున మట్టం ఎక్కడుంది, ఇవన్నీ రాయమనండి. ఇరవై బోర్లు రాశాక ఆ పుస్తకం మీరిద్దరూ కూర్చుని చూడండి, అప్పుడు మళ్లీ నాకు రాయండి. మట్టం కొలిచే టేపు మాత్రం మంచిది కొనివ్వండి, 100 మీటర్లది.