సైబర్ బీమా: పాలసీ కంటే ముందు ప్రపోజల్ ఫారం చదవండి

మీకు విజయనగరంలో పప్పులు, నూనెల హోల్‌సేల్ వ్యాపారం ఉందని, బిల్లింగుకు అయిదారు కంప్యూటర్లు, ఒక సర్వరు ఉన్నాయన్నారు. కంప్యూటర్ల మీద దాడి జరిగితే వచ్చే నష్టానికి చేసే సైబర్ బీమా తీసుకోమని బ్యాంకువాళ్లు వెంటపడుతున్నారట. మనలాంటి ఊళ్లలో అది అవసరమా, క్లెయిమ్ పెడితే నిజంగా డబ్బు చేతికొస్తుందా అని మీ ప్రశ్న.

వస్తుంది, మాకు వచ్చింది. కాకపోతే మేం ఆశపెట్టుకున్న పద్దు కింద రాలేదు, మేం పెద్దగా పట్టించుకోని పద్దు కింద వచ్చింది. నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. పాలసీ కాగితాలు, నష్టం లెక్కగట్టే సర్వేయరుతో ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నీ నా చేతుల మీదుగానే నడిచాయి.

ముందు ఆ ‘చిన్న ఊరు’ సంగతి. 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లే చిక్కుకున్నాయి. ఆ జిల్లాల జాబితాలో శ్రీకాకుళం కూడా ఉంది. దాడి చేసేవాడు ఊరి పేరు చూసి రాడు. తెరిచి ఉన్న దారి కోసం ఒక ప్రోగ్రాం ఇంటర్నెట్ అంతా వెతుకుతూ ఉంటుంది, దొరికిన చోట దూరుతుంది. మా దగ్గర అది దూరిన దారి, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ చూసే మనిషి ఇంటి నుంచి పని చేసుకోవడానికి తెరిచి పెట్టుకున్న రిమోట్ డెస్క్‌టాప్, అంటే దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపే ఏర్పాటు.

దీపావళి సరుకు వెళ్లే రోజులవి. పొద్దున్నే గేటు దగ్గర లారీ, గోడౌనులో ఎత్తడానికి సిద్ధంగా పది కేజీల టిన్నులు. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ తెరుచుకోలేదు. ఫోల్డరులో చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా అర్థంలేని అక్షరాలు అతుక్కుని ఉన్నాయి. పక్కనే ఒక నోట్‌ప్యాడ్ ఫైలు: బిట్‌కాయిన్లు పంపితే తాళం చెవి ఇస్తామని. కబురందుకుని వచ్చిన కంప్యూటర్ మెకానిక్ ‘ఫార్మాట్ కొట్టేస్తే గంటలో తెరిచి ఇస్తా’ అన్నాడు. పాలసీ మీదున్న హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే వాళ్లు మొదట అడిగింది ‘ఫార్మాట్ చేయలేదు కదా?’ అనే. నెట్‌వర్క్ వైరు పీకేయండి, మిషను మాత్రం ఆపకండి, దేన్నీ చెరపకండి అన్నారు. ఎలా దూరాడో తేల్చే ఆధారాలు అందులోనే ఉంటాయి. ఆ ఆధారాలు చెరిగిపోతే క్లెయిములో కారణం చూపించలేక నానా తిప్పలు పడాలి. డబ్బు పంపుదామా అని మా యజమాని ఒక క్షణం ఊగిసలాడారు. బీమా కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పంపితే ఆ సొమ్ము పాలసీ కిందికి రాదని అక్కడే చెప్పేశారు.

లారీని మాత్రం ఆపలేదు. ఈ-వే బిల్లు ప్రభుత్వ పోర్టల్లో విడిగా తీసుకోవచ్చు. పార్టీల జీఎస్టీ నంబర్లు పాత బిల్లుల ఫైలులో కాగితం మీద ఉన్నాయి. ఇన్‌వాయిస్ చేత్తో రాసి సరుకు పంపించాం. క్లెయిము దగ్గర ఇదే ఎదురు తిరిగింది! వ్యాపారం ఆగిన నష్టం కింద వచ్చేది నిజంగా పోయిన లాభం, దానితో పాటు ఆగని ఖర్చులు. అది కూడా పాలసీలో రాసిన నిరీక్షణ గంటలు, అంటే పని ఆగాక పరిహారం లెక్కలోకి రాని మొదటి గంటలు, దాటిన తర్వాతే. మేం రెండు మూడు రోజులు నత్తనడక నడిచాం గానీ ఆర్డర్లు పోలేదు. అందుకని ఆ పద్దు కింద దాదాపు ఏమీ రాలేదు. వచ్చిందంతా దాడి ఎలా జరిగిందో తేల్చే ఫోరెన్సిక్ నిపుణుల ఫీజు, డేటా తిరిగి నిలబెట్టిన ఖర్చు. బీరువాలో విడిగా దాచిన హార్డ్‌డిస్కులో కొన్నాళ్ల కిందటి బ్యాకప్ ఉంది. ఆ తర్వాతి బిల్లులు మళ్లీ ఎక్కించడానికి పెట్టుకున్న మనుషుల కూలీ కూడా ఇచ్చారు. బయటి చొరబాట్లను ఆపే కొత్త ఫైర్‌వాల్‌కు ఇవ్వలేదు. ఉన్నదాన్ని యథాస్థితికి తేవడానికే బీమా, మెరుగుపరచుకోవడం మీ సొంత ఖర్చు అన్నారు. అందులో న్యాయం ఉందనే అనుకుంటాను.

మీకు మాత్రం వైరస్ కంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. కాశీబుగ్గలో నాకు తెలిసిన ఒక వ్యాపారికి, సరుకు పంపే పార్టీ పేరుతో మెయిల్ వచ్చింది: మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి సొమ్ము ఇందులో వేయండి అని. చిరునామాలో ఒక్క అక్షరం తేడా. ఆయన తన ఓటీపీతో తానే పంపించారు. ఆయనకూ సైబర్ పాలసీ ఉంది. కానీ ఆయన కంప్యూటర్లోకి ఎవరూ చొరబడలేదు, సొమ్ము ఆయన చేత్తోనే కదిలింది కనుక క్లెయిమ్ తిరస్కరించారు. ఇలాంటి నష్టానికి ‘సోషల్ ఇంజినీరింగ్ ఫ్రాడ్’ పేరుతో రక్షణ విడిగా అడిగి చేర్పించుకోవాలి. దానికి మొత్తం బీమా సొమ్ములో చిన్న భాగమే పరిమితిగా పెడతారు. పాత నంబరుకు ఫోన్ చేసి ఖాతా మార్పు నిర్ధారించుకోవాలనే షరతు కూడా తరచుగా ఉంటుంది. కోటి రూపాయల పాలసీ అని ఏజెంటు చెప్పే అంకె చూసి మురిసిపోకండి. మీరు నూనె మిల్లులకు ఒక్క దఫాలో పంపే అతి పెద్ద మొత్తం ఎంతో చూసుకోండి. ఈ ఉపపరిమితి దానికి సరిపోకపోతే మీ వ్యాపారానికి ఆ పాలసీ సగమే పనికొస్తుంది.

ఇక ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మీరు నింపి ఇచ్చే దరఖాస్తు. మెయిల్‌కు, రిమోట్ లాగిన్‌కు రెండో అంచె ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు ఓటీపీ లాంటిది) ఉందా, బ్యాకప్ నెట్‌వర్కుకు తగలకుండా దాస్తున్నారా, అప్‌డేట్లు ఎన్నాళ్లకోసారి వేస్తున్నారు అని అడుగుతారు. ఏజెంటు అన్నిటికీ ‘అవును’ టిక్కులు పెట్టి సంతకం దగ్గర వేలు చూపిస్తాడు. అక్కడ ఆగండి. 2022లో అమెరికాలో ట్రావెలర్స్ అనే బీమా కంపెనీ, రెండో అంచె ధ్రువీకరణ గురించి పాలసీ తీసుకున్న సంస్థ ఫారంలో రాసింది నిజం కాదని కోర్టుకెక్కి, చివరికి ఆ పాలసీనే రద్దు చేయించుకుంది. మన దగ్గరా బీమా ఒప్పందం నిలబడేది నిజం చెప్పారనే నమ్మకం మీదే. లేనిది లేదని రాయండి, ప్రీమియం కాస్త పెరిగితే పెరుగుతుంది. ఇంకా మంచిది, ఆ ప్రశ్నలనే పనుల జాబితాగా పెట్టుకుని, ‘అవును’ అనగలిగే స్థితికి వచ్చాక పాలసీ తీసుకోవడం. వాటిలో చాలావాటికి డబ్బు కంటే ఓపికే ఎక్కువ కావాలి.

ఇంకొకటి అడగండి: మీ కంప్యూటర్లు బాగానే ఉండి, మీకు సేవలందించే సంస్థ మీద దాడి జరిగితే ఏమిటని. 2024 జూలై చివర, చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి (మా మీద జరిగినట్టే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది) జరిగినప్పుడు దేశంలో దాదాపు 300 చిన్న బ్యాంకులను చెల్లింపుల వ్యవస్థ నుంచి కొద్దికాలం పక్కన పెట్టారు. సహకార బ్యాంకులో ఖాతా ఉన్న వ్యాపారి ఆ రోజు చేయగలిగింది ఏమీ లేదు. కొన్ని పాలసీల్లో ఇలాంటి నష్టానికి చోటుంటుంది, కొన్నింటిలో ఉండదు.

దాడి జరిగిన రోజు పనులు కూడా చెబుతాను. డబ్బు పోతే క్షణం ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. సొమ్ము ఇంకా ఎవరి ఖాతాలోనైనా ఉంటే ఆపే వీలు ఆ తొలి గంటల్లోనే. దాడిని గుర్తించిన 6 గంటల్లోగా, సైబర్ దాడుల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28న కేంద్రం ఇచ్చిన ఆదేశం చిన్న సంస్థలకూ వర్తిస్తుంది. బీమా కంపెనీకి కూడా అదే రోజు మెయిల్ పెట్టండి. ఈ పాలసీల్లో ఎక్కువ భాగం, పాలసీ గడువు లోపల బయటపడి ఆ గడువు లోపలే తెలియజేసిన నష్టాలకే వర్తిస్తాయి. రెన్యువల్ నాలుగు రోజులు ఆలస్యమైతే ఏం పోతుందిలే అనుకుంటే కుదరదు.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విచారించే, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, పరిధి 50 లక్షల రూపాయల వరకు. వ్యాపార పాలసీల్లో ఏకవ్యక్తి యాజమాన్య సంస్థలకూ, సూక్ష్మ సంస్థలకూ మాత్రమే ఈ దారి ఉంది. 2025 ఏప్రిల్ నుంచి టర్నోవర్ 10 కోట్ల వరకు, యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్ల వరకు ఉంటే సూక్ష్మ సంస్థే. మీది భాగస్వామ్య సంస్థ అయితే మీ ఉద్యమ్ సర్టిఫికెట్‌లో (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు పత్రం) ఏమని ఉందో ఇప్పుడే చూసుకోండి, పాలసీ కాపీతో పాటు దాన్నీ ఒకే ఫైలులో, కాగితం మీద పెట్టుకోండి.