తెలుగు యాప్ కట్టబోయే అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఏ ఫ్రేమ్‌వర్క్ (యాప్ కట్టడానికి ముందే సిద్ధం చేసిన చట్రం) నేర్చుకోవాలని అడిగావు. రియాక్టో, స్వెల్టో, ఏదో ఒకటి పట్టుకో; వాడుతుంటే చెయ్యి తిరుగుతుంది. ఇప్పుడు కోడ్ సగం ఏఐయే రాసిపెడుతోంది. కానీ అది ఇంగ్లీషు అలవాటుతో రాస్తుంది, తెలుగు దగ్గర తడబడుతుంది. ఆ చోట్లు నువ్వే చూసుకోవాలి.

మొదటిది అక్షరాల లెక్క. ‘స్త్రీ’ మన కంటికి ఒకటే అక్షరం. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పేరుకి 20 అక్షరాల హద్దు పెడితే ఇంటిపేరుతో కలిపి రాసిన మామూలు పేరు కూడా పట్టకపోవచ్చు. స్లైస్‌తో (మాటని ముక్క కోసే ఆజ్ఞ) కోస్తే చివర పొల్లు వేలాడొచ్చు. లెక్కకీ కోతకీ ఇంటల్ సెగ్మెంటర్ వాడు; మాటని కంటికి కనపడే అక్షరాలుగా విడదీసే జావాస్క్రిప్ట్ పనిముట్టు అది. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 125 రావడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చేసింది. సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ కోడ్ సంఖ్యలిచ్చే ప్రమాణం) 15.1లో చేరింది కాబట్టి, పాత బ్రౌజర్ స్, త్, రీ అని 3 లెక్కపెట్టొచ్చు. హద్దులు వదులుగా పెట్టు. ఆ కోడ్‌లని బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు, అంటే ‘స్త్రీ’కి 18. డేటాబేస్ కాలమ్ బైట్లలో కొలుస్తుందా, అక్షరాల్లోనా అన్నది ముందే చూసుకో. తెలుగు ఎస్సెమ్మెస్ అయితే ఒకదాంట్లో పట్టేవి ఇంగ్లీషులోలా 160 కాదు, 70 కోడ్‌లు మాత్రమే. పొడుగైతే ముక్కకి 67. బిల్లు చూశాక గుండె గుభేలుమంటుంది.

అసలు తలనొప్పి వెతుకులాట. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరంతో కలవనివ్వని గుర్తు) ఉంటుంది. అది లేకుండా కొట్టినవాళ్లకి ‘సాఫ్ట్వేర్’ వస్తుంది, వెతికితే దొరకదు. ఐత్వం కూడా ఒక కోడ్‌గానో, రెండు ముక్కలుగానో రావొచ్చు. రాసినదాన్ని ఉన్నదున్నట్టు దాచు. వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, ఒకే అక్షరం రెండు రకాలుగా ఉంటే ఒకే రూపానికి తెచ్చే ఎన్‌ఎఫ్‌సీ చేసి, ఆ జాయినర్లు తీసేసి నింపు. వెతికే మాటకీ అదే స్నానం చేయించు. ఎన్‌ఎఫ్‌సీ ఒక్కటే చేస్తే జాయినర్ పోదు.

ఫాంట్‌ని వోఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంట్ ఫైలు) చేసి, తెలుగు వరకే కత్తిరించు. అప్పుడు జీఎస్‌యూబీ టేబుల్ (అక్షరాలు కలిసినప్పుడు ఏ రూపం వెయ్యాలో ఫాంట్‌కి చెప్పే పట్టిక) పోతే వత్తు కిందికి దిగదు, పొల్లు బయటపడుతుంది. ఆ ఫాంట్ ఏ కోడ్‌లకి వాడాలో చెప్పే యూనికోడ్ రేంజ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్‌తో పాటు 200సీ, 200డీ (కనపడని జాయినర్లు) కూడా ఉండాలి. లైన్ హైట్ 1.2 పెడితే, హద్దు దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్న బటన్‌లో వత్తు తెగిపోతుంది, 1.6 నుంచి మొదలుపెట్టు.

పరీక్షకి ‘రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, సాఫ్ట్‌వేర్, కార్త్స్న్యం’ పెట్టుకో. చివరి మాట ఎవరూ రాయరులే, కానీ ఫాంట్ సత్తా అక్కడే తేలుతుంది. పేజీకి భాష ‘తె’ కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో ‘te’ అని పెట్టు. లేకపోతే చూపులేనివాళ్లకి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ తెలుగుని ఇంగ్లీషు గొంతుతో చదవబోతుంది.