టెక్సస్ స్కూల్లో టెక్స్ట్‌బుక్ ఏదీ, సిలబస్ ఎవరిదీ?

ఇండియా నుంచి పిల్లలతో వచ్చినవాళ్లు స్కూలు మొదలైన నెల్లోపు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మావాడు థర్డ్ గ్రేడ్. బ్యాగులో లంచ్ బాక్సు, నీళ్ల సీసా, ఓ ఫోల్డరు తప్ప ఏమీ ఉండవు. పుస్తకాలే ఇవ్వలేదు. అసలు చదువు చెబుతున్నారా అండీ?"

చెబుతున్నారు. మన దగ్గర పాఠ్యపుస్తకమే సిలబస్. చివరి పాఠం అయిపోతే ఆ ఏడాది చదువు అయిపోయినట్టే. ఇక్కడ పుస్తకం ఒక పనిముట్టు మాత్రమే, సిలబస్ వేరే చోట ఉంటుంది. నేను చెప్పేది డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి చోట్ల దిగినవాళ్లకి. న్యూజెర్సీలో ఉన్న మీ తోడికోడలు చెప్పినవన్నీ ఇక్కడ పనికిరావు, ఎందుకంటే ఏ రాష్ట్రం సిలబస్ ఆ రాష్ట్రానిదే. చాలా రాష్ట్రాలు తీసుకున్న కామన్ కోర్‌ని, అంటే లెక్కలకీ ఇంగ్లీషుకీ రాసుకున్న ఉమ్మడి ప్రమాణాలని, టెక్సస్ తీసుకోలేదు. పైగా స్కూళ్లలో వాడకూడదని 2013లో చట్టమే చేసింది.

ఇక్కడ అన్నిటికీ మూలం టీక్స్, అంటే టెక్సస్ ఎసెన్షియల్ నాలెడ్జ్ అండ్ స్కిల్స్. ఏ గ్రేడులో ఏ సబ్జెక్టులో పిల్లలకి ఏమేం రావాలో అందులో నంబర్లు వేసి రాసి ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ పిల్లల గ్రేడు లెక్కల భాగం ఒకసారి చదవండి, గంట పట్టదు. ఉదాహరణకి థర్డ్ గ్రేడులో 3.4ఎఫ్ చూడండి: పది పదుల దాకా ఎక్కాలు తడుముకోకుండా రావాలి. మనవాళ్లకి ఇది నల్లేరు మీద నడక. ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పే పిల్లాడు కూడా తట్టుకుని పడేది 3.5బి దగ్గర. గుణకారం, భాగహారం లెక్కని గళ్లుగానో పట్టీ బొమ్మగానో గీసి, సమీకరణం రాసి, ఒకటి లేదా రెండు మెట్లలో చేయాలి. జవాబు కరెక్టే అయినా బొమ్మ గీయలేకపోతే ఆ అంశం రానట్టే. "ఇంత తేలిక లెక్కకి బొమ్మలేంటి" అని ఇంట్లో విసుక్కోకండి. వాడు వెళ్లి టీచర్‌తో అదే మాట అంటాడు. ఫోర్త్ గ్రేడు లెక్కల్లోనైతే స్థిర ఖర్చులు, మారే ఖర్చులు, లాభం లెక్కగట్టడం కూడా ఉంటాయి. ఇది నాకు బాగా నచ్చింది, మన సిలబస్‌లోనూ ఉంటే బాగుండనిపిస్తుంది.

టీక్స్ రాయించేది స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్. అందులో 15 మంది సభ్యులు, అందరూ ఎన్నికైనవాళ్లే. టీచర్లూ మరికొందరూ కలిసిన బృందాలు ముసాయిదా రాస్తాయి, ఆస్టిన్‌లో బహిరంగంగా వాదనలు వింటారు, ఆ తర్వాతే ఓటింగు. ఇది నిదానంగా సాగే వ్యవహారం. 2021లో ఆమోదించిన కొత్త సైన్సు టీక్స్ తరగతి గదికి వచ్చింది 2024-25లో. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఓటు లేదు కానీ, పేరు నమోదు చేసుకుని మాట్లాడొచ్చు.

ఏ యూనిట్ ఏ వారంలో చెప్పాలన్నది రాష్ట్రం చూడదు, మీ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే మీ ప్రాంతంలో ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ, చూస్తుంది. చాలా డిస్ట్రిక్టులు ఆ వరుసని వెబ్‌సైట్‌లో పెడతాయి. ఒక గ్రేడు టీచర్లంతా కలిసి కూర్చుని దాని ప్రకారమే ప్లాన్ వేసుకుంటారు. అందుకే పేరెంట్-టీచర్ కాన్ఫరెన్స్‌కి వెళ్లి "భిన్నాలు ముందే మొదలుపెట్టండి" అంటే టీచర్ నవ్వి ఊరుకుంటారు. అది ఆవిడ చేతిలో లేదు. "ఏ స్టాండర్డ్ (అంటే టీక్స్‌లోని ఏ అంశం) ఇంకా రాలేదు, అది మీకు ఎలా తెలిసింది?" అని అడగండి. అప్పుడు చేసిన పని బయటికి తీసి చూపిస్తారు. పుస్తకాలు, బోధన సామగ్రి చూడటం తల్లిదండ్రులుగా మీకు చట్టం ఇచ్చిన హక్కు, మొహమాటపడక్కర్లేదు.

ఇక స్టార్ పరీక్ష, అంటే టీక్స్ ఎంత వచ్చిందో చూడటానికి రాష్ట్రం పెట్టే పరీక్ష. థర్డ్ నుంచి ఎయిత్ దాకా ఏటా రీడింగు, లెక్కలు, ఫిఫ్త్‌లోనూ ఎయిత్‌లోనూ సైన్సు, ఎయిత్‌లో సోషల్. ర్యాంకులుండవు. డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని నాలుగు మెట్లు. అప్రోచెస్ అంటే పాసే, కానీ గ్రేడుకి తగ్గట్టు చదువుతున్నారనడానికి మీట్స్ రావాలి. రిపోర్టు పేపరు చూసి పక్కన పడేయకండి. రాష్ట్రం ఇచ్చే కోడ్‌తో లాగిన్ అయితే ప్రశ్నలవారీగా మీ పిల్లలు ఏం రాశారో కనిపిస్తుంది. ఇందులో తప్పితే ఆ గ్రేడులోనే ఉంచేస్తారన్న టెన్షన్ వద్దు. హైస్కూల్లో మాత్రం సంగతి వేరు. ఆల్జీబ్రా 1, ఇంగ్లీషు 1, 2, బయాలజీ, యూఎస్ హిస్టరీ, ఈ ఐదూ డిప్లొమాకి ముడిపడి ఉంటాయి.

ఫిఫ్త్ గ్రేడు లెక్కల ఫలితానికి ఇంకో విలువుంది. 2023 చట్టం ప్రకారం పై 40 శాతంలో ఉన్నవాళ్లని సిక్స్త్‌లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో తప్పనిసరిగా వేయాలి, వద్దనుకుంటే మీరే చెప్పాలి. ఆ ఏడాది వేసవిలో షెడ్యూలు రాగానే కోర్సు పేరు చూసుకోండి.

రాష్ట్రం స్కూళ్లకిచ్చే ఎ నుంచి ఎఫ్ రేటింగుల్లో స్టార్ మార్కులదే పెద్ద వాటా. ఎ చూసి ఇల్లు కొనేముందు, పిల్లలు ఏడాదికేడాది ఎంత మెరుగయ్యారో చూపే ప్రోగ్రెస్ భాగం విడిగా తెరిచి చూడండి. నా లెక్కలో బోధన ఎలా ఉందో చెప్పేది అదే.

2027-28 నుంచి స్టార్ పోయి, ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చిన్న పరీక్షలు వస్తాయి. ఇప్పుడు కిండర్‌గార్టెన్‌లో చేరేవాళ్లు స్టార్ మోడల్ పేపర్ల పుస్తకాలు కొనకండి, మీవాడు థర్డ్‌కి వచ్చేసరికి పనికిరావు.