పేరు దొరకట్లేదా? గుమాస్తా చెవితో వినండి

ప్రశ్న: మాది విజయవాడ. అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉందామని న్యూ మెక్సికో వచ్చాను. అల్లుడిది ఇక్కడ తరతరాలుగా స్పానిష్ మాట్లాడే కుటుంబం. అతని ముత్తాత వాళ్ల నాన్న 1862లో వాల్వెర్దే యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడాడని ఇంట్లో చెప్పుకుంటారు గానీ చేతిలో కాగితం ముక్క లేదు. మనవడికి చూపిద్దామని 'అమెరికా అంతర్యుద్ధం, హిస్పానిక్ సైనికుల జాబితా' అని కొట్టి చూశాను. నలుగురైదుగురు పెద్ద ఆఫీసర్ల గురించి తప్ప ఏమీ రాలేదు. ఎక్కడ మొదలుపెట్టను?
(ఒక అమ్మమ్మ, ఆల్బకర్కీ)

జవాబు: ముందు స్పానిష్ మాట్లాడే మూలాలవాళ్లని చెప్పే ఆ 'హిస్పానిక్' అనే మాట పక్కన పెట్టండి అమ్మా. అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తమలో తాము పోరాడుకున్న 1861-65 నాటి సైన్యం కాగితాల్లో ఆ మాట లేదు, దానికో గడీ లేదు. అందుకే అసలు ఎంతమంది పోరాడారన్న లెక్క కూడా ఒకరు పది వేలంటే ఇంకొకరు ఇరవై వేలు దాటారంటారు. పేర్లు చూసి, ఊళ్లు చూసి లెక్కేసుకోవాల్సిందే. సైనికుడు చేరినప్పుడు రాసుకున్నవి వయసు, ఎత్తు, ఒంటి రంగు, కళ్ల రంగు, చేసే పని, పుట్టిన చోటు. ఇంతే.

ఆ పుట్టిన చోటు దగ్గరే ఒక తిరకాసు ఉంది. న్యూ మెక్సికో అమెరికా చేతికి వచ్చింది 1848లో, మెక్సికోతో యుద్ధం ముగిశాక జరిగిన గ్వాదలూపే హిదాల్గో ఒప్పందంతో. అంటే 1862లో ఇరవై ఏళ్ల కుర్రాడు పుట్టింది మెక్సికో దేశంలో, నలభై ఐదేళ్లవాడు పుట్టింది స్పెయిన్ రాజు ఏలుబడిలో, ఇద్దరూ పుట్టిన పల్లె దాటి ఎక్కడికీ పోకపోయినా సరే. కాబట్టి సైనికుడి సర్వీసు వివరాల కార్డు మీద 'మెక్సికో' అని కనిపిస్తే మనవాడు కాదని పక్కన పడేయకండి.

ఇక పేరు. అసలు కష్టమంతా ఇక్కడే. మన ఇంటిపేరు ముందు ఉండటం వల్ల అమెరికా ఫారాల్లో మనవాళ్లు పడే పాట్లు మీకు కొత్త కాదు కదా, అల్లుడి వాళ్లది ఇంకో రకం పాటు. వాళ్లకి నాన్న ఇంటిపేరు ముందు, అమ్మ పుట్టింటి పేరు చివర. ఉదాహరణకి హోసే మరియా గార్సియా లోపెస్ అంటే ఆ మనిషి గార్సియా. ఇంగ్లీషు గుమాస్తా చివరి మాట చూసి లోపెస్ కింద ఎక్కించేస్తాడు. మరియా అని ఉంది కదా ఆడమనిషి అనుకోకండి, మగవాళ్లకీ ఆ పేరు పెడతారు. హోసే కాస్తా జోసెఫ్ అవుతాడు, హువాన్ జాన్ అవుతాడు. అంతెందుకు, ఉత్తరాది నౌకాదళంలో అందరికన్నా పేరుమోసిన అడ్మిరల్ డేవిడ్ ఫారగట్ తండ్రి మినోర్కా ద్వీపం నుంచి వచ్చిన జోర్డి, అమెరికాలో జార్జ్ అయిపోయాడు.

స్పానిష్‌లో బి, వి రెండూ ఒకేలా పలుకుతాయి, అందుకని బాకా అనే ఇంటిపేరు రెండు అక్షరాల కిందా వెతకాలి. హెచ్ పలకరు, కాబట్టి హెరేరా అన్న పేరు 'ఇ'తో మొదలై ఉండొచ్చు. హిమేనెస్ అయితే జె, జి, ఎక్స్ మూడింట్లో దేని కిందైనా ఉండొచ్చు. సైనికుల్లో చాలామందికి రాయడం రాదు, పేరు చెప్పి గుర్తు పెట్టేవాళ్లు, గుమాస్తాకి ఏది వినిపిస్తే అదే పేరు. పైగా మనం ఇప్పుడు చూసే కార్డులు అప్పటివి కావు. యుద్ధం అయిపోయి దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, 1890ల్లో, వాషింగ్టన్ గుమాస్తాలు పాత హాజరు పట్టీలు ముందేసుకుని మళ్లీ రాసినవి. ఒకరు తప్పు విన్నారు, ఇంకొకరు ఆ తప్పుని తప్పు చదివారు. ఒక కాగితం తీసుకుని అల్లుడి ఇంటిపేరు ఎన్ని రకాలుగా తప్పు రాయొచ్చో అన్నీ రాసుకోండి. స్పానిష్ తెలియకపోవడం ఈ పనికి మంచిదే, మీ చెవీ ఆ గుమాస్తా చెవీ ఒకటే.

ఆ పట్టీతో అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల సైనికుల సూచికలో వెతకండి, డబ్బు కట్టక్కర్లేదు. రెండు పక్షాలవీ కలిపి 63 లక్షల పేర్ల నమోదులున్నాయి. పేరు కాకుండా రెజిమెంటు పట్టుకుని వెళ్లడం ఇంకా తేలిక. కిట్ కార్సన్ నడిపిన ఒకటో న్యూ మెక్సికో వాలంటీర్లు, మిగ్వెల్ పీనో నడిపిన రెండోది, వాల్వెర్దేలో రెండూ ఉన్నాయి. 1862 మే నెలాఖరున ఇలాంటివి కొన్ని కలిపేసి ఒకటో న్యూ మెక్సికో అశ్వికదళం చేశారు, అందువల్ల ఒకే మనిషి రెండు చోట్ల కనబడితే ఇద్దరనుకోవద్దు. అక్కడా లేకపోతే కొన్నాళ్లకే పిలిపించిన మిలీషియాలో ఉండి ఉంటాడు, ఆ కాగితాలకి శాంటా ఫేలోని రాష్ట్ర రికార్డుల కేంద్రం. మీకు గంట ప్రయాణం, అల్లుణ్ణి తీసుకెళ్లమనండి.

వాల్వెర్దే గురించి ఒక మాట. 1862 ఫిబ్రవరి 21న రియో గ్రాండే రేవు దగ్గర జరిగిన ఆ పోరులో టెక్సస్ నుంచి వచ్చిన దక్షిణాది జనరల్ సిబ్లీ సేన గెలిచింది. ఓడిన ఉత్తరాది కల్నల్ క్యాన్బీ తన రిపోర్టులో తప్పు చాలావరకు న్యూ మెక్సికో వాలంటీర్ల మీదకి తోశాడు, పీనో మనుషులు నది దాటనన్నారని. ఆ రిపోర్టు ఇప్పటికీ ఎక్కడ చూసినా కనిపిస్తుంది, మీ మనవడూ చదువుతాడు. కార్సన్ రెజిమెంటు నది దాటి గట్టిగా నిలబడిందన్నది పక్కనే చెప్పండి. నెల తర్వాత, మార్చి 28న, గ్లోరియెటా కనుమ దగ్గర కొండ మీదుగా దారి చూపించి దక్షిణాది సామాను బళ్లన్నీ తగలబడేలా చేసినవాడు మాన్యుయెల్ చావెస్ అనే న్యూ మెక్సికో ఆఫీసరేనని కూడా చెప్పండి. తిండీ మందుగుండూ పోయాక సిబ్లీ వెనక్కి తిరిగాడు.

ఇంకొకటి, మీకు నచ్చకపోవచ్చు. 1862 తర్వాత కూడా సైన్యంలో ఉంటే ఆయన ఎక్కువగా చేసింది దక్షిణాదితో యుద్ధం కాదు. కార్సన్ అదే అశ్వికదళంతో 1863-64లో నవాహో ఆదివాసుల పొలాలు, పండ్ల తోటలు నాశనం చేసి, వేలమందిని వందల మైళ్లు నడిపించి బోస్కే రెడోండో అనే నిర్బంధ స్థలంలో పెట్టించాడు. కార్డులో ఆ నెలల హాజరు కనిపిస్తే దాచకండి, కుటుంబ చరిత్ర అన్నాక అదీ అందులోదే.

కార్డు దొరికిందని ఆగిపోకండి, పెన్షన్ ఫైలు ఉందేమో చూడండి. 1890 చట్టంతో తొంభై రోజులు పనిచేసి ఒళ్లు పనికి సహకరించని ఉత్తరాది సైనికులకీ, భర్త పోయి పోషణ లేని భార్యలకీ పెన్షన్ దారి తెరుచుకుంది. భర్త పోయినావిడ పెళ్లి జరిగిందని రుజువు చూపించాలి, చర్చి పుస్తకం నకలు తేవాలి, ఇరుగుపొరుగు వాళ్లతో సాక్ష్యం చెప్పించాలి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, దెబ్బ ఎక్కడ తగిలింది, ఏ ఊళ్లో ఎన్నాళ్లున్నారు, అన్నీ అందులో ఉంటాయి. కార్డులో మనిషి ఎత్తు ఉంటుంది, ఫైల్లో సంసారం ఉంటుంది. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కి రుసుము కట్టి అడిగితే నకలు పంపుతారు. టైమ్ పడుతుంది, మీరు తిరిగొచ్చేలోపు అందాలంటే ఈ వారమే పెట్టండి.

ప్రశ్న: బానిసల్ని ఉంచుకున్న దక్షిణాది వైపు మెక్సికన్ మూలాలవాళ్లు ఎందుకు చేరారు సార్? అర్థం కాదు.
(డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: అందరికీ ఒకే కారణం ఉండాలని అనుకుంటున్నావు కాబట్టి అర్థం కావట్లేదు. టెక్సస్ సరిహద్దు ఊరు లారెడోలో బెనవీడెస్ కుటుంబానిదే పెత్తనం, దక్షిణాది నుంచి మెక్సికోకి పోయే పత్తి వాళ్ల దారినే పోయేది. సాంతోస్ బెనవీడెస్ దక్షిణాది సైన్యంలో కల్నల్ అయ్యాడు. 1864 మార్చి 19న జబ్బుమంచం మీంచి లేచి నలభై రెండు మందితో, దాదాపు రెండు వందలమంది ఉత్తరాది సైనికుల్ని ఊరి పొలిమేరలోనే ఆపాడు. అదే టెక్సస్‌లో ఉత్తరాది తరఫున రెండో టెక్సస్ అశ్వికదళంలో చేరిన మెక్సికన్లూ బాగానే ఉన్నారు. ఆడ్రియన్ విదాల్ అనే కుర్ర కెప్టెన్ దక్షిణాది నుంచి ఉత్తరాదికి దూకి, అక్కడా ఇమడక పారిపోయి, మెక్సికోలో అధ్యక్షుడు హువారెస్ పక్షాన పోరాడి, 1865లో కాల్పుల దళం ముందు చనిపోయాడు. జీతం అందక, కట్టుకోవడానికి బట్టల్లేక, చెప్పే భాష అర్థం కాక వెళ్లిపోయినవాళ్లు రెండు వైపులా ఉన్నారు, కార్డు మీద 'పారిపోయాడు' అని ఉంటే పిరికివాడని రాసేయకు. వెతకాలనుంటే దక్షిణాది పెన్షన్లు వాషింగ్టన్‌లో ఉండవు, రాష్ట్రాలే ఇచ్చాయి. టెక్సస్‌వి 1899 నుంచి, ఆస్టిన్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

ప్రశ్న: మగవేషం వేసుకుని దక్షిణాది తరఫున పోరాడిన క్యూబా అమ్మాయి లోరెటా వెలాస్కెస్ కథ నిజమేనా? మా పాప స్కూల్లో చెప్పబోతోంది, టెన్షన్ పడుతోంది.
(ఒక తల్లి, డల్లాస్)

జవాబు: ఆవిడ 1876లో పుస్తకం రాసింది నిజం. అందులో ఉన్నదంతా నిజమని చాలామంది చరిత్రకారులు నమ్మరు, దక్షిణాది జనరల్ జూబల్ ఎర్లీ అయితే అప్పుడే కల్పన అని కొట్టిపారేశాడు. పాపని 'వెలాస్కెస్ ఇలా రాసుకుంది' అని మొదలుపెట్టమనండి, ఎవరూ తప్పు పట్టలేరు. నిక్కమైన మనిషే కావాలంటే అదే క్యూబాలో పుట్టిన ఫెదెరికో కవాడా ఉన్నాడు. ఉత్తరాది లెఫ్టినెంట్ కల్నల్, గెటిస్‌బర్గ్‌లో పట్టుబడి రిచ్మండ్ లిబ్బీ జైల్లో ఉన్నాడు, బయటికొచ్చి ఆ జైలు గురించి పుస్తకం రాశాడు, తర్వాత క్యూబా స్వాతంత్ర్యం కోసం పోరాడుతూ స్పెయిన్ వాళ్లకి దొరికిపోతే 1871లో చంపేశారు. ఐదు నిమిషాల ప్రసంగానికి ఇతని కథ చాలదేమో అన్న భయం అక్కర్లేదు.