హ్యామ్ రేడియో నెట్‌వర్క్ ఇంటర్నెట్‌పై ఆధారపడవచ్చా?

హ్యామ్ రేడియో అంటే లైసెన్సు పొందిన ఔత్సాహికులు సొంత సెట్లతో మాట్లాడుకునే రేడియో; వారినే హ్యామ్‌లు అంటారు. వారి నెట్‌వర్క్ రోజువారీ కబుర్లకు ఇంటర్నెట్‌పై ఆధారపడవచ్చు, విపత్తు వేళ మాత్రం ఎంతమాత్రం కూడదు. పెద్ద తుపాను వస్తే ముందుగా పోయేది కరెంటు, ఆ వెనకే సెల్ టవర్లు, ఫైబర్ కేబుళ్లు. సరిగ్గా హ్యామ్‌ల అవసరం పడేది అప్పుడే.

చేతిలో వాకీటాకీ ఉంది కనుక మాట మొత్తం రేడియోలోనే వెళ్తోందని చాలామంది పొరపడతారు. రేడియో స్టేషన్లను ఇంటర్నెట్‌తో కలిపే ఎకోలింక్ వంటి పద్ధతుల్లో దగ్గర్లోని రిపీటర్ (అందిన సంకేతాన్ని తిరిగి ప్రసారం చేసే స్టేషన్) వరకే రేడియో తరంగం. అక్కడి నుంచి దూరపు ఊరికి మాటను మోసేది ఇంటర్నెట్. అది తెగితే రిపీటర్ పరిధి దాటి గొంతు వినిపించదు.

అదే 7 మెగాహెర్ట్జ్ బ్యాండులో అయితే మధ్యలో ఎవరి కేబులూ అక్కర్లేదు. సుమారు 20 మీటర్ల రాగి తీగను రెండు చెట్ల మధ్య కట్టి, సెట్‌ను 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే, తరంగం పైకి వెళ్లి, వాతావరణపు పై పొర అయిన అయనోస్ఫియర్ నుంచి తిరిగి దిగుతుంది. పగటిపూట కొన్ని వందల కిలోమీటర్ల దూరం మాట్లాడవచ్చు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చేసరికి పోర్ట్ బ్లెయిర్‌లో కొందరు భారతీయ హ్యామ్‌లు తమ సెట్లతో ఉన్నారు. ఫోన్లు మూగబోయినప్పుడు దీవుల్లోని వారి క్షేమ సమాచారాన్ని రేడియోలోనే ప్రధాన భూభాగానికి అందించారు. ఎంత గొప్ప సేవ అది!

అలాగని ఇంటర్నెట్‌ను పూర్తిగా వదులుకోనక్కర్లేదు. రేడియో ద్వారా ఈమెయిల్ పంపే విన్‌లింక్ పద్ధతిలో సందేశం దెబ్బతిన్న ప్రాంతం దాటేవరకు రేడియోలో వెళ్లి, ఇంటర్నెట్ బాగున్న దూరపు స్టేషన్ నుంచి ఈమెయిల్‌గా చేరుతుంది. మీ నెట్‌వర్క్ సంగతి తెలియాలంటే ఒకరోజు ఇంటర్నెట్ లింకు ఆపి సాధన చేయండి.