సింహాచలం ఘాట్‌లో సైకిల్ దిగిన అల్లుడికి

అల్లుడూ,

మొన్న ఆదివారం సింహాచలం ఘాట్‌లో సగం దూరం సైకిల్‌ని నడిపించుకుంటూ వెళ్లావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పి ఒకటే నవ్వు. బండి అమ్మేస్తానంటున్నావని కూడా చెప్పింది. బండి అమ్మొద్దు. డిసెంబరులో అరకు వెళ్దామన్న మాట నాకింకా గుర్తుంది.

బటన్ నొక్కితే గేరు పడుతుంది, ఇక కొండలకు ఢోకా లేదనుకుని కొన్నావు. గేరు మార్చే ఆ చిన్న మోటారు, బండికి ఉన్న గేర్లనే మారుస్తుంది గానీ, లేనిదాన్ని ఎక్కణ్నుంచి తెస్తుంది? నీ బండికి ముందు, పెడల్ దగ్గరి పళ్ల చక్రాల్లో (చైన్‌రింగుల్లో) చిన్నది 36 పళ్లు, వెనక పళ్ల చక్రాల గుత్తిలో (క్యాసెట్‌లో) పెద్దది 28. పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి వెనక చక్రం 1.29 చుట్లు తిరగాలి. ఘాట్‌లో గంటకు 8 కిలోమీటర్లకు పడిపోయావనుకో, కాళ్లు నిమిషానికి 49 చుట్లే తిరుగుతాయి. అలా పావుగంట తొక్కితే ఊపిరి కంటే ముందు మోకాళ్లు మొరపెట్టుకుంటాయి. వెనక 34 ఉంటే అదే వేగానికి 60 చుట్లు. శృంగవరపుకోట దాటాక గాలికొండ దాకా ఎక్కుతూనే ఉండాలి కాబట్టి, ఈ పదకొండు చుట్ల తేడా నీకు అక్కడ బాగా తెలిసొస్తుంది.

అయితే ఈ రాత్రే క్యాసెట్ ఒక్కటీ ఆర్డర్ పెట్టకు. నేను చేసిన తెలివితక్కువ పని అదే. 11-34 క్యాసెట్ (చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 34) కొని, చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే డీరేలర్ సంగతి చూడకుండా, పాత చైన్‌తోనే వరండాలో కూర్చుని బిగించేశాను. బీచ్ రోడ్డు మీద బ్రహ్మాండంగా నడిచింది. అనంతగిరి వెళ్తుంటే టైడా దగ్గర, ముందు పెద్ద రింగ్‌లో ఉన్న సంగతి మర్చిపోయి, వెనక పెద్దదానికి బటన్ నొక్కాను. చైన్ చాల్లేదు. కేబుల్ గేరైతే లీవరు బిగుసుకుని చేతికి తెలిసేది. మోటారుకి మొహమాటం ఉండదుగా, లాగేసింది. డీరేలర్‌ని బండికి పట్టి ఉంచే హ్యాంగర్ వంగి, డీరేలర్ చక్రం పుల్లల్లోకి పోయింది. పనసకాయల వ్యాన్‌లో, కాయల మధ్యన కూర్చుని శృంగవరపుకోట దాకా వచ్చాను. మీ అత్తకి ఇప్పటికీ పంక్చర్ అనే తెలుసు.

కాబట్టి ముందు వెనక డీరేలర్ మీద ఏం రాసుందో చూడు. నీది షిమానో కంపెనీ బటన్ గేర్ల రకం, 11 స్పీడ్ (వెనక 11 పళ్ల చక్రాలది) అల్టెగ్రా డీఐ2, ఆర్8050. అందులో ఎస్ఎస్ అంటే పొట్టి కేజ్ (చైన్‌ని బిగువుగా పట్టే కింది చట్రం), వెనక పెద్ద పళ్ల చక్రం 30 పళ్ల దాకానే. జీఎస్ అంటే పొడుగు కేజ్, 34 దాకా. ఎస్ఎస్ మీద 32 పెట్టి నడిపేవాళ్లున్నారు. నడవొచ్చు కూడా. కంపెనీ చెప్పిన హద్దు దాటి ఘాట్‌లో ప్రయోగాలు చేయడం మాత్రం నాకు నచ్చదు, టైడా తర్వాత అసలే నచ్చదు. ఇంకో లెక్క కూడా ఉంది: ముందు రెండు రింగుల పళ్ల తేడా, వెనక పెద్దా చిన్నా చక్రాల పళ్ల తేడా కూడాలి. నీ 52-36కి 16, 11-34కి 23, మొత్తం 39. జీఎస్ మోసేది సరిగ్గా అంతే.

నీది ఎస్ఎస్ అయితే, నా మాటగా, జీఎస్ డీరేలర్, 11-34 క్యాసెట్, కొత్త చైన్, ఈ మూడూ కలిపి కొను. గ్రావెల్ (కంకరదారి) బండ్లకి షిమానోయే చేసే జీఆర్ఎక్స్ ఆర్ఎక్స్815 డీరేలర్ దొరికినా పనికొస్తుంది. 12 స్పీడ్ డీరేలర్ చవగ్గా వచ్చిందని ఎగబడకు, గేరు బటన్లున్న నీ లీవర్లతో కలవదు. ఇవన్నీ పెట్టాక కూడా కష్టమనిపిస్తే అప్పుడు ముందు రింగులు 50-34కి మార్చుదాం. పెడళ్లు బిగించే నీ ఆర్8000 క్రాంక్‌కే అవి బిగుస్తాయి, క్రాంక్ కొననక్కర్లేదు. ముందు డీరేలర్‌ని మాత్రం కాస్త కిందికి దించాలి. అప్పుడు 34కి 34, పెడల్ ఎంత తిరిగితే చక్రం అంతే. అరకు రోడ్డుకి నాకైతే అది చాలు.

బిగించేటప్పుడు అందరూ మరిచేది ఒకటుంది. షిమానో 11 స్పీడ్ 11-34 క్యాసెట్ వెడల్పు మౌంటెన్ బైకుల కొలత. నీ రోడ్ బండి వెనక చక్రం నడిమి భాగం (హబ్) మీద ముందు 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ వేసి, ఆ పైన క్యాసెట్ ఎక్కించాలి. గాజులా పల్చటి రింగు అది. లేకపోతే క్యాసెట్‌ని పట్టి ఉంచే లాక్‌రింగ్ ఎంత బిగించినా పళ్ల చక్రాలు లోపల కదులుతూనే ఉంటాయి. చైన్ పొడవు కొలవడానికి, డీరేలర్ గుండా పోనివ్వకుండా ముందు పెద్ద రింగ్, వెనక పెద్ద పళ్ల చక్రం మీద చుట్టి, కొసలు కలిసే చోట రెండు లింకులు ఎక్కువ ఉంచు. తర్వాత డీరేలర్ మీది బి-స్క్రూ తిప్పి, దాని పై పుల్లీ (చైన్ నడిచే చిన్న చక్రం) వెనక పెద్ద పళ్ల చక్రానికి తగలకుండా, మరీ దూరం కాకుండా సర్దాలి. గరగరమంటే తగులుతున్నట్టే. ఆ పని నాకొదిలెయ్, చెవితో చేసే పని.

డీరేలర్ వైరు ప్లగ్గు కటింగ్ ప్లేయరుతో లాగకు, దానికి చిన్న ప్లాస్టిక్ పనిముట్టు ఉంది. మన ఊరి ఉప్పుగాలికి విప్పిన సాకెట్ తెరిచి ఉంచకు కూడా.

బ్యాటరీ తగ్గినప్పుడు మొదట ముందు డీరేలర్ ఆగిపోతుంది, వెనకది ఇంకాసేపు పనిచేస్తుంది. అరకు రోడ్డులో అనుమానం వస్తే వెంటనే చిన్న రింగ్‌లోకి దించేసుకో. పెద్ద రింగ్‌లో ఇరుక్కుంటే మళ్లీ పనసకాయల వ్యానే.

శనివారం పొద్దున్నే రా. చైన్ కట్టర్, క్యాసెట్ తాళం నా దగ్గరున్నాయి. స్పేసర్ లేదు, అది నువ్వే తేవాలి. మీ అత్త దిబ్బరొట్టి వేస్తానంది. వ్యాన్ సంగతి ఆవిడ ముందు ఎత్తకు.

మీ మావయ్య