కొమ్మ గుచ్చాక కదపకు

అమ్మలూ,

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ ఆ మందారం కొమ్మలే నా కళ్లలో మెదులుతున్నాయి. ఆరు గుచ్చితే ఆరూ చిగురేశాయనీ, వారం తిరక్కుండా అన్నీ వాడిపోయాయనీ ఎంత దిగులుపడ్డావో! నీ చెయ్యి మంచిది కాదని ఎవరో అన్నారట. ఆ మాట చెవిన పెట్టకు తల్లీ.

కొమ్మకు వేరు రాకముందే చిగురొస్తుంది. లోపల నిలవున్న సత్తువతోనే ఆ ఆకులు విచ్చుకుంటాయి. అది చూసి బతికిందనుకుని ఎండలో పెడతాం, బుడబుడా నీళ్లు పోస్తాం, లేదంటే వేరొచ్చిందేమోనని లాగి చూస్తాం. పెళ్లయిన కొత్తలో మా అత్తగారి పెరట్లో ముద్దమందారం కొమ్మను నేనూ అలాగే మూడుసార్లు లాగాను. మూడోసారి అడుగున తెల్లగా, బియ్యపు నూకల్లా వేరు మొలకలు కనిపించాయి. సంబరంగా మళ్లీ గుచ్చేశాను. ఆ గుచ్చడంలో అవన్నీ విరిగిపోయాయి. ఆ మందారం ఇక రాలేదు. అప్పట్నుంచీ నెలన్నర దాకా గుచ్చిన కొమ్మ జోలికి పోను.

ఇప్పుడు ఆరుద్ర కార్తె. గాలిలో తడి ఉంది, ఇంతకన్నా అదను దొరకదు. మరీ లేతదీ, మరీ ముదురుదీ కాకుండా పెన్సిలంత లావు కొమ్మ జానెడు తీసుకో. కింద కణుపుకు ఆనుకుని ఏటవాలుగా కొయ్యి, వేళ్లు ఎక్కువగా అక్కడే పుడతాయి. పైకొస అడ్డంగా కొయ్యి, అప్పుడు తలకిందులుగా గుచ్చే పొరపాటు జరగదు. కత్తెర కొమ్మను నలిపేస్తుంది, పదునైన బ్లేడు వాడు. పైన రెండాకులుంచి వాటినీ సగానికి కత్తిరించు. వేరు లేని కొమ్మ అంత ఆకుకు నీళ్లు అందించలేదు. సగం ఇసుక, సగం మట్టి చాలు, ఎరువు వద్దే వద్దు. ముందు పుల్లతో గుంట చేసి, రెండు కణుపులు లోపలికి పోయేలా నిలిపి, చుట్టూ వేలితో అదుము. మీ బాల్కనీలో గాలి జోరు కదా, నీళ్ల సీసా అడుగు కోసి పైన బోర్లించు, మూత మాత్రం తీసెయ్యి.

నందివర్ధనం, నూరువరహాలు, గన్నేరు, కాగితం పూలు ఇలాగే వస్తాయి. గన్నేరు కోశాక చేతులు సబ్బుతో కడుక్కో, అది విషం. దేవగన్నేరు కొమ్మయితే పాలు ఆరేదాకా వారం రోజులు నీడన పడేసి అప్పుడు నాటు. మల్లెకు కోత అక్కర్లేదు. తీగను వంచి, ఒక కణుపును పక్క కుండీ మట్టిలో తొక్కి రాయి పెట్టు. వేరు పట్టాకే తల్లి నుంచి వేరు చెయ్యి. చేమంతి పూలయ్యాక పీకెయ్యకు, మొదలంటా కోస్తే చుట్టూ పిలకలొస్తాయి.

ఇక కనకాంబరం. దాన్ని తలుచుకుంటే నాకు చిన్నతనమే. ఎండిన కంకిని నీళ్ల గిన్నెలో వేసి చెవి దగ్గర పెట్టుకునేవాళ్లం. కాసేపటికి టప్ టప్‌మని కాయలు పగిలి గింజలు ముఖానికి కొట్టేవి. తడి తగిలితే అది అలా విచ్చుకుంటుంది. కాబట్టి కంకి గోధుమరంగుకు రాగానే, వాన పడకముందే కోసి డబ్బాలో వేసి, నాలుగు చుక్కలు చిలకరించి మూత పెట్టు. గింజలన్నీ లోపలే ఉంటాయి, ఆరబెట్టుకో. ఢిల్లీ కనకాంబరానికి మాత్రం గింజ కట్టదు. మా పక్కింటావిడ దానికోసం రెండేళ్లు ఎదురుచూసింది పాపం. దాన్ని కొమ్మతోనే పెంచాలి.

బంతికి మొదట పూసిన పెద్ద పువ్వుల్నే విత్తనానికి వదిలెయ్యి. అందరూ మంచివి కోసుకుని చివరి గిడస పువ్వుల్ని ఉంచుతారు, నాకది నచ్చదు. చెట్టు మీదే ఎండనిచ్చి, నల్లటి సూదుల్లాంటి గింజలు రాల్చి, నీడన ఆరబెట్టి కాగితం పొట్లం కట్టు. ప్లాస్టిక్ కవరులో చెమ్మ పట్టి బూజొస్తుంది. కడియం నర్సరీల నుంచి వచ్చే హైబ్రిడ్ ముద్దబంతి గింజ వేస్తే తల్లిలా పూయదు, నాటుదే దాచు. మీ హైదరాబాదులో బతుకమ్మకు సొంత బంతి పేర్చాలంటే ఆషాఢంలోనే నారు పొయ్యి. శంఖుపూల గింజ గట్టిది, రాత్రంతా నానబెట్టి ఉబ్బినవి నాటు. ఉబ్బనివాటిని గరుకు రాయి మీద కాస్త రుద్ది మళ్లీ నానెయ్యి.

ఆదివారం మీ నాన్న బయల్దేరుతున్నాడు. ముద్దమందారం కొమ్మలు ఎనిమిది తడిగుడ్డలో చుట్టి పంపుతాను. ఆ రాత్రికే నాటు, కుదరకపోతే నీళ్లలో నిలబెట్టి పొద్దున్నే గుచ్చు. కుండీ మీద తేదీ రాసిపెట్టు. నెలన్నర అయ్యాక నాకు ఫోన్ చెయ్యి, అప్పుడు కుండీ అడుగు చిల్లులోంచి వేరు తొంగిచూస్తోందేమో చూద్దాం.

మీ అత్త